పద్నాలుగుకి పద్నాలుగూ గెలిచి ఇంట్లో కూర్చున్న జట్టు

మార్చి నెల వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో పని సగం పడకేస్తుంది. ఏ క్యూబికల్ దగ్గరికెళ్ళినా ఒక మానిటర్ మీద కోడు, ఇంకో మానిటర్ మీద బాస్కెట్‌బాల్. ప్రింటర్ దగ్గర అందరూ ఒకటే కాగితం తీసుకుంటుంటారు. వంశవృక్షంలా గీతలు గీసి ఉంటుంది, దాన్ని బ్రాకెట్ అంటారు. ఏ కాలేజీ ఎవర్ని ఓడిస్తుందో ముందే నింపి, తలా ఐదో పదో డాలర్లు వేసుకుని పందెం అన్నమాట. నేను ర్యాలీ పక్కన కేరీలో కాపురం పెట్టిన మొదటేడు, వినసొంపుగా ఉన్న పేర్లన్నీ గెలుస్తాయని నింపి ఇచ్చా. చివర్నుంచి రెండో స్థానం వచ్చింది. నాకన్నా కింద ఉన్నాయన అసలు కాగితమే ఇవ్వలేదట!

ఆ అవమానంతో ఈ ఆట చరిత్ర చదవడం మొదలెట్టా. చదవగా చదవగా నాకు పట్టుకున్న ప్రశ్న ఆట గురించి కాదు, న్యాయం గురించి. మనందరికీ బాగా తెలిసిన ప్రశ్నే. ఇంటర్ రెండేళ్ళూ కాలేజీ ఫస్టు వచ్చినవాడికి ఎంసెట్ రోజు పొద్దున జ్వరం వచ్చిందనుకోండి. వాడి రెండేళ్ళ చదువు లెక్కా, ఆ మూడు గంటలు లెక్కా? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ వాళ్ళు ఈ ప్రశ్నతో వందేళ్ళుగా కుస్తీ పడుతున్నారు.

ముందు పద్ధతి చెప్తా, తెలియనివాళ్ళ కోసం. అమెరికాలో డివిజన్ వన్ కాలేజీలు మూడొందల యాభై దాటి ఉన్నాయి. ఇవన్నీ ముప్పై చిల్లర గుంపులుగా విడిపోయి ఉంటాయి. ఒక్కో గుంపు ఒక కాన్ఫరెన్స్. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా ముఖ్యంగా తమ కాన్ఫరెన్స్ లోపలే ఆడుకుంటారు. అది రెగ్యులర్ సీజన్. దాని తర్వాత ఆ కాన్ఫరెన్స్ లోపలే ఓడితే ఇంటికే అనే పద్ధతిలో నాలుగైదు రోజుల టోర్నమెంట్. అందులో గెలిచినవాడికి ఎన్.సి.ఏ.ఏ. జాతీయ టోర్నమెంట్‌లో సీటు ఖాయం. మిగిలిన సీట్లని ఒక కమిటీ కూర్చుని పంచుతుంది. బయట అందరూ మార్చి మ్యాడ్‌నెస్ అనేది ఆ జాతీయ టోర్నమెంట్‌ని. నేను చెప్పబోయేది దాని ముందు వారం జరిగే భాగోతం గురించి.

అసలు ఈ కాన్ఫరెన్స్‌లు ఎందుకు పుట్టాయి? ఆటగాళ్ళ కోసం కాదు, ఫుట్‌బాల్ (వాళ్ళ ఫుట్‌బాల్ లెండి) శ్రుతి మించిపోతోందని దానికి పగ్గాలు వెయ్యడానికి. ఇప్పుడు బిగ్ టెన్ అని పిలుచుకునే కాన్ఫరెన్స్ 1896లో షికాగోలో మొదలైంది. దాని అసలు పేరులోనే అధ్యాపక ప్రతినిధులు అన్న మాట ఉంటుంది. బాస్కెట్‌బాల్‌ని నైస్మిత్ మాస్టారు 1891 డిసెంబరులో కనిపెట్టారు కాబట్టి అప్పటికి అది నాలుగేళ్ళ పిల్ల.

టోర్నమెంట్ అనే ఆలోచన దక్షిణాది నుంచి వచ్చింది. సదరన్ కాన్ఫరెన్స్ 1921లో పుట్టింది, మరుసటేడే అట్లాంటాలో టోర్నమెంట్ పెట్టారు. కారణం చాలా సింపుల్. కాన్ఫరెన్స్ మరీ పెద్దదైపోయింది. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి సభ్యులు ఇరవై దాటారు. రైలెక్కి అందరూ అందరితో ఆడటం జరిగే పని కాదు. పట్టికలో ఎవడు పైనున్నాడంటే, ఎవడు బలహీనులతో ఎక్కువ ఆడాడో వాడు! అందుకని అందర్నీ ఒక ఊరికి పిలిచి కొన్నిరోజుల్లో తేల్చేశారు. అంటే మొదట్లో టోర్నమెంట్ అన్యాయం కాదు, లెక్క కుదరనప్పుడు వాడిన ప్యాచ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1953లో సదరన్ కాన్ఫరెన్స్ నుంచి ఏడు కాలేజీలు విడిపోయి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏ.సి.సి.) పెట్టుకున్నాయి. గొడవ మళ్ళీ ఫుట్‌బాల్ గురించే. సీజన్ అయ్యాక బౌల్ మ్యాచ్‌లు ఆడొద్దన్నందుకు అలిగి వెళ్ళిపోయారు. ఏడాది చివరికి వర్జీనియా కూడా కలిసి ఎనిమిదయ్యాయి. ఎనిమిది జట్లే కదా, పట్టిక చాలు కదా? కానీ వీళ్ళు టోర్నమెంట్ ఉంచుకున్నారు. ఉంచడమే కాదు, టోర్నమెంట్ గెలిచినవాడే కాన్ఫరెన్స్ ఛాంపియన్ అని రాసుకున్నారు. అప్పట్లో ఎన్.సి.ఏ.ఏ. ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టునే రానిచ్చేది. ఆ ఒక్క సీటూ టోర్నమెంట్ విజేతకే ఇచ్చారు.

ఎందుకిలా? జనం వచ్చేవాళ్ళు, టికెట్లు తెగేవి. ఈ సరదా జనానికి అలవాటు చేసిన పెద్దమనిషి ఎవరెట్ కేస్, నార్త్ కెరొలైనా స్టేట్ కోచ్. ఇండియానా రాష్ట్రంలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిచ్చి మధ్య పెరిగి, ఆ పిచ్చిని మూటగట్టుకుని 1946లో ర్యాలీ వచ్చాడు. గెలిచాక నిచ్చెనెక్కి వల కత్తిరించుకునే ఆనవాయితీని కాలేజీ ఆటలోకి తెచ్చింది ఆయనే. మొదటి ఏ.సి.సి. టోర్నమెంట్ 1954లో ఆయన సొంత కోర్టు రేనాల్డ్స్ కొలీసియంలోనే జరిగింది. రెగ్యులర్ సీజన్లో మొదటి స్థానం డ్యూక్‌ది. టోర్నమెంట్ గెలిచింది కేస్ జట్టు, ఫైనల్లో వేక్ ఫారెస్ట్ మీద ఓవర్ టైమ్‌లో 82-80. చూశారా, మొదటేడే పట్టికలో మొదటివాడు ఇంటికెళ్ళాడు. 1966 దాకా పదమూడేళ్ళు టోర్నమెంట్ అదే హాల్లో జరిగింది. కొన్నాళ్ళకి ఆ టికెట్లు మామూలు జనానికి దొరకడమే గగనమైంది. శుక్రవారం మధ్యాహ్నం మ్యాచ్‌ల కోసం బళ్ళలో టీచర్లు టీవీలు పెట్టేవాళ్ళని మా ఆఫీసులో అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఇప్పటికీ మురిసిపోతూ చెప్తారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే తప్పు. రేనాల్డ్స్ కొలీసియంలో ఆడిన ఆ ఎనిమిది కాలేజీలూ తెల్లవాళ్ళవే. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో డర్హమ్‌లో నల్లజాతి కాలేజీ ఒకటుంది, దాని కోచ్ జాన్ మెక్లెండన్. నైస్మిత్ దగ్గరే కేన్సస్‌లో ఆట నేర్చుకున్నవాడు. నల్లజాతి కాలేజీలకి జాతీయ టోర్నమెంట్ తలుపులే తెరవని రోజుల్లో, ఆయనా మరికొందరూ కలిసి 1946లో తమ సి.ఐ.ఏ.ఏ. కాన్ఫరెన్స్‌కి వాషింగ్టన్‌లో టోర్నమెంట్ మొదలెట్టారు. మొదటి కప్పు ఆయన జట్టుదే. ఏ.సి.సి. టోర్నమెంట్ ఒక తలుపు దగ్గర తోపులాటైతే, వీళ్ళది తలుపే లేనివాళ్ళు సొంతంగా కట్టుకున్న ఇల్లు.

ఇప్పుడు అసలు కథ. ఫ్రాంక్ మెక్‌గ్వైర్ అని ఒక కోచ్. 1957లో ఆయన నార్త్ కెరొలైనా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా ఏ.సి.సి. టోర్నమెంట్ ఆడాల్సిందే. సెమీఫైనల్లో వేక్ ఫారెస్ట్ మీద 61-59, చచ్చీచెడీ గెలిచారు. ఆ రెండు పాయింట్లు అటు ఇటు అయితే అజేయమైన జట్టు జాతీయ టోర్నమెంట్ గడప తొక్కేదే కాదు. తొక్కింది కాబట్టి, విల్ట్ చాంబర్లెన్ ఆడుతున్న కేన్సస్‌ని మూడు ఓవర్ టైమ్‌ల ఫైనల్లో 54-53తో ఓడించి 32-0తో ఛాంపియన్లయ్యారు. నార్త్ కెరొలైనాకి ఈ ఆట మతమైపోయింది ఆ రాత్రే.

పదమూడేళ్ళు గడిచాయి. అదే మెక్‌గ్వైర్ ఇప్పుడు సౌత్ కెరొలైనా కోచ్. 1970లో ఆయన జట్టు కాన్ఫరెన్స్ లోపల ఆడిన 14 మ్యాచ్‌లకి 14 గెలిచింది. ఆ ఏడు జాతీయ టోర్నమెంట్ తూర్పు విభాగం పోటీలు జరిగేది కూడా వాళ్ళ సొంత ఊరు కొలంబియాలో, వాళ్ళ సొంత కోర్టులో! ఇంతకన్నా ఏం కావాలి? సెమీఫైనల్లో వాళ్ళ ప్రధాన ఆటగాడు జాన్ రోష్‌కి చీలమండ బెణికింది. ఫైనల్లో ఎన్.సి. స్టేట్ బంతిని చేతిలో పట్టుకుని కాలక్షేపం చేసింది. అప్పట్లో షాట్ క్లాక్ లేదు కదా, ఎంతసేపైనా పట్టుకోవచ్చు. రెండు ఓవర్ టైమ్‌ల తర్వాత స్కోరు 42-39. సౌత్ కెరొలైనా ఓడిపోయింది. వారం తిరక్కుండా వాళ్ళ కోర్టులో వేరేవాళ్ళు జాతీయ టోర్నమెంట్ ఆడుతుంటే వీళ్ళకి అందులో చోటు లేదు. పెళ్ళి పందిరి మనింట్లో, పెళ్ళికొడుకు పక్కింటివాడు.

1957లో రెండు పాయింట్లు ఆయన్ని దేవుణ్ణి చేశాయి. 1970లో మూడు పాయింట్లు కొట్టి కూర్చోబెట్టాయి. పద్ధతి మారలేదు, మనిషీ మారలేదు. మరుసటేడు టోర్నమెంట్ గెలిచి మరీ సౌత్ కెరొలైనా ఏ.సి.సి. నుంచి బయటికెళ్ళిపోయింది. అడ్మిషన్ మార్కుల నిబంధన మీద అప్పటికే గొడవ నడుస్తోంది లెండి, ఈ ఓటమి ఒక్కటే కారణం అనను. కానీ ఆ మంట ఎక్కడికి పోతుంది?

తర్వాత 1974, మార్చి 9, గ్రీన్స్‌బరో. దేశంలో ఒకటో ర్యాంకు ఎన్.సి. స్టేట్, నాలుగో ర్యాంకు మేరీలాండ్. డేవిడ్ థాంప్సన్, ఏడడుగుల పైచిలుకు టామ్ బర్లెసన్ ఒకవైపు, మెక్‌మిలెన్, ఎల్మోర్, లూకాస్ ఇంకోవైపు. మూడు పాయింట్ల గీత లేని రోజుల్లో స్కోరు 103-100, అదీ ఓవర్ టైమ్‌లో. బర్లెసన్ ఒక్కడే 38 కొట్టాడు. స్టేట్ గెలిచింది, ఆ తర్వాత వరసగా ఏడేళ్ళు ఛాంపియన్‌గా ఉన్న యు.సి.ఎల్.ఏ.ని దించి దేశాన్నే గెలిచింది. మేరీలాండ్ ఇంటికెళ్ళింది. దేశంలో నాలుగో మంచి జట్టుకి ఆ ఏటి జాతీయ టోర్నమెంట్లో పాతిక సీట్లలో ఒక్కటి కూడా దక్కలేదు.

మేరీలాండ్ ఒక్కటే కాదు, 1971లో యు.ఎస్.సి. 24 గెలిచి 2 ఓడింది. ఆ రెండూ యు.సి.ఎల్.ఏ. మీదే, అదే కాన్ఫరెన్స్. వాళ్ళదీ అదే గతి. మొత్తానికి 1975లో ఎన్.సి.ఏ.ఏ. సీట్లు 32 చేసి, ఒక కాన్ఫరెన్స్ నుంచి రెండో జట్టుని కూడా రానిచ్చింది. ఆ మొదటేడే ఏ.సి.సి. నుంచి రెండో జట్టుగా వెళ్ళింది ఎవరనుకున్నారు? మేరీలాండ్! 1980లో రెండే అన్న హద్దు కూడా తీసేశారు. 1985కి సీట్లు 64, 2011కి 68 అయ్యాయి.

హమ్మయ్య, న్యాయం జరిగింది కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

తలుపు వెడల్పు అయ్యాక లాజిక్ ప్రకారం టోర్నమెంట్లు తగ్గాలి. పెరిగాయి! 1952 తర్వాత టోర్నమెంట్ మానేసిన ఎస్.ఈ.సి. 1979లో మళ్ళీ మొదలెట్టింది. అదే ఏడు పుట్టిన బిగ్ ఈస్ట్ 1980లో పెట్టింది, 1983 నుంచి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో. 2009లో సిరక్యూస్, కనెటికట్ ఆరు ఓవర్ టైమ్‌లు ఆడి అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి తేల్చుకుంది అక్కడే. ఒద్దొద్దంటూనే బిగ్ టెన్ కూడా 1998లో దిగింది. ఈ.ఎస్.పి.ఎన్. ఛానల్ పుట్టింది కూడా 1979లోనే. దానికి మార్చి మొదటి వారంలో చూపించడానికి మ్యాచ్‌లు కావాలి, వీళ్ళకి డబ్బు కావాలి.

పెద్ద కాన్ఫరెన్స్ జట్టుకి ఈ టోర్నమెంట్ ఇప్పుడు ప్రాణం మీదకొచ్చే వ్యవహారం కాదు. 2019లో గొన్జాగా దేశంలో ఒకటో ర్యాంకు. వాళ్ళ కోసమే అన్నట్టు వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ ఆ ఏడు పద్ధతి మార్చి, మొదటి రెండు జట్లనీ నేరుగా సెమీఫైనల్లో కూర్చోబెట్టింది. అయినా ఫైనల్లో సెయింట్ మేరీస్ చేతిలో 60-47తో ఓడారు. ఏమైంది? ఏమీ కాలేదు. జాతీయ టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ ఇచ్చారు. గొన్జాగా ఉన్నది చిన్న కాన్ఫరెన్సే, కానీ పేరు పెద్దది కాబట్టి రెండో తలుపు తెరుచుకుంది.

పేరు లేని చిన్నవాళ్ళ సంగతి? డివిజన్లో సగానికి పైగా కాన్ఫరెన్స్‌లకి ఏడాదికి దక్కేది ఒకటే సీటు. కమిటీ వాళ్ళవైపు చూడదు. వాళ్ళకి ఇప్పటికీ 1970 లెక్కే. పట్టికలో మొదటివాడు ఒక్క సాయంత్రం ఓడితే అయిపోయింది. 2006 నుంచి అలాంటివాళ్ళకి ఎన్.ఐ.టి. అనే రెండో శ్రేణి టోర్నమెంట్‌లో షరతుల్లేని చోటు ఉండేది. ఓదార్పు బహుమతి. 2024లో ఆ హామీ తీసేసి, ఆరు పెద్ద కాన్ఫరెన్స్‌లకి తలా రెండు చోట్లు రాసిచ్చారు. ఓదార్పు కూడా ఉన్నవాడికే!

మరి చిన్న కాన్ఫరెన్స్‌లు టోర్నమెంట్ మానెయ్యొచ్చు కదా, పట్టికలో మొదటివాణ్ణి పంపొచ్చు కదా? ఐవీ లీగ్ 2016 దాకా అలాగే చేసింది. 2017లో అదీ మారింది. ఆ మొదటేడే ప్రిన్స్‌టన్ 14కి 14 గెలిచి వచ్చింది (అంకె గుర్తొచ్చిందా?). సెమీఫైనల్ 6-8తో ఉన్న పెన్ మీద, పెన్ సొంత కోర్టులో. ఆఖరి క్షణాల్లో సమం చేసి ఓవర్ టైమ్‌లో బతికి బయటపడ్డారు.

నిజానికి డబ్బు లెక్క చూసినా మంచి జట్టుని పంపడమే లాభం. జాతీయ టోర్నమెంట్‌లో ఒక జట్టు ఆడే ఒక్కో మ్యాచ్‌కి దాని కాన్ఫరెన్స్‌కి ఆరేళ్ళ పాటు వాటా వస్తుంది, మొత్తం మీద ఇరవై లక్షల డాలర్ల దాకా. అయినా వాళ్ళు టోర్నమెంట్ వదలరు. ఏడాదికి ఒక్క రాత్రి టీవీలో దేశమంతా చూస్తుంది. ఎనిమిదో స్థానంలో ఉన్న కుర్రాడికి కూడా మార్చి మొదటి వారం దాకా ఆశ ఉంటుంది. ఆశకి రేటు కట్టలేం కదా.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. 2018లో అమెరికా ఈస్ట్ అనే చిన్న కాన్ఫరెన్స్‌లో వెర్మాంట్ ఒక్కటే మ్యాచ్ ఓడి మొదటి స్థానంలో నిలిచింది. ఫైనల్ కూడా వాళ్ళ సొంత కోర్టులోనే. యు.ఎమ్.బి.సి. ఆటగాడు జైరస్ లైల్స్ చివరి సెకనులో దూరం నుంచి వేశాడు, 65-62. ఘోరం, అన్యాయం! ఆరు రోజుల తర్వాత ఆ యు.ఎమ్.బి.సి.నే దేశంలో అగ్ర సీడ్ వర్జీనియాని 74-54తో చిత్తు చేసింది. అంతకుముందు 135 సార్లు ఆడితే పదహారో సీడ్ ఒకటో సీడ్‌ని ఒక్కసారి కూడా ఓడించలేదు. 2023లో ఇంకా విచిత్రం. ఫెయిర్లీ డికిన్సన్ తన కాన్ఫరెన్స్ ఫైనల్లో మెరిమాక్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. మెరిమాక్ డివిజన్ వన్‌లోకి కొత్తగా వచ్చింది కాబట్టి నాలుగేళ్ళు ఆగాలన్న నిబంధన వల్ల దానికి అర్హత లేదు. సీటు ఓడినవాళ్ళకి దక్కింది. వాళ్ళు వెళ్ళి ఒకటో సీడ్ పర్డ్యూని 63-58తో ఓడించారు!

నేను కోరుకున్న న్యాయం అమలై ఉంటే, వెర్మాంట్ వెళ్ళేది. ఆ రాత్రి ఉండేదే కాదు.

ఇక చివరి మలుపు. టీవీ డబ్బు కోసం, అదీ ఫుట్‌బాల్ డబ్బు కోసం, 2024లో పడమటి తీరంలో 1915 నాటి పునాదుల మీద నిలబడ్డ ప్యాక్-12 చెదిరిపోయింది. పది కాలేజీలు తలో దిక్కు పోయాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కాలేజీలు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. మ్యాపు చూసుకోండి, నేనేమీ జోక్ చెయ్యట్లేదు. బిగ్ టెన్‌లో పద్ధెనిమిది, ఏ.సి.సి.లో పద్ధెనిమిది. అందరూ అందరితో సమానంగా ఆడటం మళ్ళీ కుదరని పని అయింది. 1922లో రైళ్ళ వల్ల కుదరలేదు, ఇప్పుడు విమానాలుండీ కుదరట్లేదు. అంటే పట్టిక మళ్ళీ అబద్ధం చెప్తోంది, టోర్నమెంట్‌కి మళ్ళీ అసలు పని పడింది. కానీ 2025లో ఏ.సి.సి. ఏం చేసిందో తెలుసా? పదిహేను జట్లనే టోర్నమెంట్‌కి పిలిచి చివరి మూడింటినీ గేటు బయటే ఆపేసింది. ఆ మూడింటిలో ఒకటి ఎన్.సి. స్టేట్. ఎవరెట్ కేస్ జట్టు. మొదటి పదమూడేళ్ళు తన హాలు ఇచ్చిన జట్టు. సరిగ్గా ఏడాది ముందు పదో స్థానంలో ఉండి, ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తుకుని, అక్కణ్ణుంచి ఫైనల్ ఫోర్ దాకా పోయిన జట్టు! 2025 నియమమే 2024లో ఉన్నా స్టేట్‌కి చోటు దక్కేది. కానీ అడుగునున్నవాడు పైకి లేవగలడని నిరూపించిన ఏడాదికే, అట్టడుగు వాళ్ళకి అవకాశమే లేకుండా చేశారు.

ఇంతకీ ఏడాది కష్టం లెక్కా, ఆ నాలుగు రోజులు లెక్కా? ఇన్ని చదివాక నా అభిప్రాయం ఇది. ఒక్క పరీక్షతో తేల్చడంలో క్రూరత్వం ఉంది గానీ, అది అందరికీ ఒకటే అయినప్పుడు భరించగలం. 1970లో పద్నాలుగు గెలిచిన పెద్ద జట్టు కూడా ఇంట్లో కూర్చుంది. ఆ పరీక్షకి ఎవడైనా ఒకటే. భరించలేనిది, ఒకడికి పరీక్ష పోయినా ఇంకో దారి ఉండి, ఇంకొకడికి లేకపోవడం. మన ఎంసెట్ రోజుల్లో కూడా కడుపు మండింది పరీక్ష చూసి కాదు కదా, ర్యాంకు రాకపోయినా దర్జాగా సీట్లో కూర్చున్నవాణ్ణి చూసి.

అందుకే మార్చిలో నా కాగితం నింపేటప్పుడు ఇప్పుడు వినసొంపు పేర్లు చూడను. తమ కాన్ఫరెన్స్ నుంచి ఒంటరిగా వచ్చిన చిన్న కాలేజీలకి ఒక్కో రౌండు రాసిస్తా. పది డాలర్లు పోతాయి, ప్రతి ఏడూ పోతున్నాయి కూడా. పోనివ్వండి.